దాహం వేసేసరికే ఆలస్యం

కడపలో మా చెల్లెలి కూతురు ఆరో తరగతి చదువుతోంది. ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు నడుస్తుండగా వాళ్లింటికి వెళ్లాను. పన్నెండున్నరకు బడి వదిలితే ఒంటిగంటకు పాప ఇల్లు చేరింది. మొహం కందిపోయింది, పెదాలు ఎండి పొట్టు లేస్తున్నాయి. సంచిలోంచి నీళ్ల బాటిల్ తీసి గట్టు మీద పెట్టింది. పొద్దున వాళ్లమ్మ అంచు దాకా నింపిన ముప్పావు లీటరు బాటిల్ అది. మూత దగ్గర రెండు వేళ్ల మందం తగ్గిందంతే.

"ఏం తల్లీ, నీళ్లు తాగలేదా?"

"క్లాసులో తాగితే మేడం తిడ్తారు మామా. ఇంటర్వెల్‌లో తాగితే మళ్లీ ఒంటికి పోవాల్సి వస్తాది. ఆ బాత్రూముకు గడియ లేదు."

రెండు రోజులుగా పాపకు మూత్రం పచ్చగా, మంటగా వస్తోందట. "వేడి చేసిందిలే" అంటూ మా చెల్లెలు సబ్జా గింజలు నానబెట్టింది, మజ్జిగలో ఉప్పేసి ఇచ్చింది.

'వేడి చేసింది' అన్న మాటను చదువుకున్నవాళ్లు కొందరు తేలిగ్గా తీసేస్తారు. కానీ ఆ మాట వెనక మన అమ్మలు చూసి గుర్తుపట్టిన నిజం ఉంది. ఒంట్లో నీరు తగ్గగానే మూత్రపిండాలు పొదుపు మొదలుపెడతాయి. బయటకు పంపాల్సిన మలినాలూ, మూత్రానికి పసుపు రంగునిచ్చే యూరోక్రోమ్ అనే పదార్థమూ ఎప్పటంతే ఉంటాయి, వాటిని మోసుకెళ్లే నీళ్లు మాత్రం తగ్గుతాయి. అందుకే రంగు చిక్కబడుతుంది, పోసేటప్పుడు చురుక్కుమంటుంది. మంటతో పాటు జ్వరమో, పొత్తికడుపులో నొప్పో ఉంటే మాత్రం అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు సబ్జా నీళ్లతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అసలు ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయాయి? పాప చొక్కా తడిసి లేదు. బడిలో చెమట పట్టిందా అని అడిగితే లేదనే చెప్పింది. ఇక్కడే రాయలసీమ ఎండ మనల్ని ఏమారుస్తుంది. విజయవాడలోనో బందరులోనో మే నెలలో చెమట ధారలు కడుతుంది, ఒళ్లంతా జిడ్డవుతుంది, నీరు పోతోందని మనిషికి తెలుస్తూనే ఉంటుంది. కర్నూలు, కడప సంగతి వేరు. పడమటి కనుమల చాటున ఉన్న నేల ఇది. నైరుతి మేఘాలు కనుమల అవతలే చాలావరకు కురిసేస్తే కర్నూలుకు ఏడాదికి సుమారు 670, కడపకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన దక్కుతుంది. వేసవి మధ్యాహ్నం గాలిలో తేమ అట్టడుగుకు పడిపోతుంది. అంత పొడిగాలిలో చెమట పుట్టిన చోటే ఆవిరైపోతుంది, చుక్క కట్టే వ్యవధి కూడా ఉండదు. సాయంత్రం యూనిఫారం విప్పి చూస్తే మెడపట్టీ మీదా చంకల దగ్గరా తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి. పిల్లవాడు ఆ రోజు కార్చిన చెమటకు మిగిలిన ఆనవాలు అదే.

బడి వరండాలో పెట్టిన మట్టి కుండను చూస్తే ఈ సంగతి ఇంకా బాగా బోధపడుతుంది. కుండ ఒంటికున్న సన్నని రంధ్రాల్లోంచి నీరు ఊరి పైకొస్తుంది, ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ నీళ్లు అంత చల్లగా ఉంటాయి. మన చర్మం చేసే పనీ అదే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. 58 లీటర్ల నీటిని 10 డిగ్రీలు చల్లార్చినంత పని అన్నమాట. 2024 వేసవిలో నంద్యాల, కర్నూలు, కడప ప్రాంతాల్లో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. గాలి మన ఒంటికంటే వేడెక్కాక వేడిని బయటికి పంపడానికి చెమట ఒక్కటే దారి. పైకప్పు కాలిపోతున్న గదిలో ఫ్యాను తిప్పితే వచ్చేది వేడిగాలే, అది చెమటను ఇంకా త్వరగా ఆరబెట్టేస్తుంది. కుండలో నీళ్లు తగ్గితే మనం పోస్తాం. పిల్లల్లో తగ్గిన నీళ్లు ఇంటర్వెల్ దాకా ఆగాలంటున్నాం.

"దాహమైతే పిల్లలే అడుగుతారు కదా" అంటారు. ఈ విషయాన్ని కాస్త నిదానంగా చూడాలి.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగముంది. రక్తంలో లవణాల గాఢత ఎంతుందో అక్కడి కణాలు క్షణక్షణం కొలుస్తుంటాయి. నీరు తగ్గి గాఢత ఒక్క శాతం పెరిగినా చాలు, వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదల పెరుగుతుంది. నీళ్లు వదలొద్దని మూత్రపిండాలకు అది తెచ్చే కబురు. గాఢత ఇంకొంచెం పెరిగాక గానీ దాహం వేయదు. అంటే మూత్రం పచ్చబడటం ముందు, దాహం వెనక. పాపకు దాహం అనిపించే వేళకు ఆమె మూత్రపిండాలు ఎప్పటినుంచో కరువు పనిలో ఉన్నాయి.

దాహం తీరడంలోనూ ఒక తికమక ఉంది. నీళ్లు గొంతు దిగగానే, ఇంకా రక్తంలోకి చేరకముందే, మెదడు దాహాన్ని ఆపేస్తుంది. దీన్ని ఎలుకల మెదడు కణాల్లో నేరుగా చూశారు. నిమిషం తిరక్కుండా ఆ కణాలు సద్దుమణుగుతాయి. పైగా చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు పోయినవాడు ఉత్త నీళ్లు తాగితే రక్తం త్వరగా పలచబడుతుంది. పోయిన నీరంతా తిరిగి రాకముందే గాఢత సరిపోయినట్టు కనిపించి దాహం పోతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఎడారుల్లో సైనికుల మీద పరిశోధించిన అడాల్ఫ్ బృందం ఇదే గమనించింది. నీళ్లు చేతికందేంత దగ్గరలో ఉన్నా సైనికులు పోయినంత తాగలేదు, భోజనానికి కూర్చున్నాకే ఆ లోటు తీరింది. తిండితో ఉప్పు అందడమే అందుకు ఒక కారణం. మా చెల్లెలు మజ్జిగలో వేసిన చిటికెడు ఉప్పుకు ఇంత కథ ఉంది.

నీళ్లు తగ్గితే చదువు మీద ప్రభావం ఉంటుందా? ఇజ్రాయెల్‌లోని ఎడారి ప్రాంతంలో, మన సీమలాంటి ఎండలో, 58 మంది ఆరో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. పొద్దున బడి మొదలయ్యేటప్పుడే వాళ్లలో 32 మంది మూత్రం చిక్కగా ఉంది. రాత్రంతా నీళ్లు లేక, లేచాక గబగబా తయారై వచ్చి ఉండొచ్చు. చెప్పిన అంకెలను గుర్తుపెట్టుకుని తిరిగి చెప్పే పరీక్షలో, ఒంట్లో నీరు సరిపడా ఉన్నవాళ్లు కొంత మెరుగ్గా చేశారు. ఇంగ్లండ్‌లో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మీద చేసిన చిన్న ప్రయోగంలో, పావు లీటరు నీళ్లు తాగినవాళ్లకు కంటితో పోల్చి చూసే పనుల్లో ఏకాగ్రత పెరిగింది. ఇవి చిన్న అధ్యయనాలు, తేడాలూ చిన్నవే. నీళ్లు తాగితే ర్యాంకులొస్తాయని వీటిని చూపి ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ నోరెండిన పిల్లవాడి ధ్యాస లెక్క మీద కాక బయటి కుళాయి మీద ఉంటుందని ఒప్పుకోవడానికి అధ్యయనం కూడా అక్కర్లేదు.

ఉపాధ్యాయుల ఇబ్బందిని నేను చిన్నది చేయను. యాభై మంది ఉన్న గదిలో ఒకరు బాటిల్ ఎత్తితే పదిమంది ఎత్తుతారు, నీళ్లు పుస్తకాల మీద ఒలుకుతాయి. ఆ తర్వాత "సార్, ఒంటికి పోయొస్తా సార్" అంటూ వరుస కడతారని వాళ్ల భయం. దీన్ని లెక్కేసి చూద్దాం. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో అంచనా వేయడానికి వైద్యులు ఒక సులువైన సూత్రం వాడతారు: వయసుకు ఒకటి కలిపి 30తో గుణించాలి. పదకొండేళ్ల పాపకు 360 మిల్లీలీటర్లు. ఎండాకాలం కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతుంటే గంటకు 50 మిల్లీలీటర్ల మూత్రం తయారవుతుందనుకుందాం. పొద్దున ఏడుముప్పావు నుంచి పన్నెండున్నర దాకా, అంటే నాలుగుముప్పావు గంటలకు 240 మిల్లీలీటర్లకు అటూఇటూ. మధ్యలో ఒక్క ఇంటర్వెల్ చాలు. అదే, రెండు గంటలు నోరు కట్టుకుని బెల్లు కొట్టగానే అర లీటరు గటగటా తాగిస్తే, అందులో కొంత భాగం త్వరలోనే మూత్రాశయానికి చేరుతుంది. తరగతిలో తాగొద్దన్న నియమమే తర్వాతి పీరియడ్‌లో ఆ వరుసను తయారుచేస్తోంది.

2019 నవంబరులో కేరళ బడుల్లో 'వాటర్ బెల్' మొదలైంది. కర్ణాటక, తెలంగాణ, మన రాష్ట్రం దాన్ని అందుకున్నాయి. 2024 వేసవిలో మన పాఠశాల విద్యాశాఖ పూటకు మూడుసార్లు ఈ బెల్లు కొట్టమంది. మంచి పని. దాహం ఆలస్యంగా వచ్చే ఒంటికి గుర్తుచేసేవాళ్లు కావాలి, ఆటలో పడ్డ పిల్లలకు మరీ కావాలి. అయితే బెల్లు ఉంది కదా అని బాటిల్‌ను సంచిలోనే ఉంచమనడం సరికాదు. బడికి నడిచొచ్చిన పిల్లకూ ఆటోలో వచ్చిన పిల్లకూ, కిటికీ పక్క ఎండలో కూర్చున్నవాడికీ నీడన ఉన్నవాడికీ నీటి లోటు ఒక్కటి కాదు. జేఈఈ, నీట్ లాంటి పరీక్షల హాల్లోకే పారదర్శకమైన నీళ్ల బాటిల్‌ను రానిస్తున్నారు. ఆరో తరగతి సోషల్ పాఠం అంతకంటే కట్టుదిట్టంగా జరగాలా?

తాగమని చెప్పే ముందు ఏ నీళ్లో చూడాలి. కర్నూలు నగరానికి తుంగభద్ర మీది సుంకేసుల నుంచి, కడపకు పెన్న నుంచి నీళ్లొస్తాయి. పల్లెల్లో చాలా బడులకు బోరే దిక్కు. ఈ నేల కింద సున్నపురాయి పొరలున్నాయి. బెలుం గుహలను తొలిచింది ఆ రాతిని కరిగించిన నీరే. అలాంటి నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చే మూత్రపిండాల్లో రాళ్లవుతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. రాళ్లకు అంతకంటే పెద్ద కారణం మూత్రం తక్కువ కావడం, చిక్కబడటం. గట్టినీళ్లకు భయపడి తాగడం తగ్గించినవాళ్లు రాళ్లను పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే.

నిజంగా భయపడాల్సింది ఫ్లోరైడ్‌కు. దానికి రంగు లేదు, వాసన లేదు. దేశంలో ఎక్కువైన ఫ్లోరైడ్‌తో వచ్చే జబ్బు గురించి తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది, అంటే కడప, కర్నూలు పొరుగునుంచే. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాటకూడదు. ఇక్కడ వేడి ప్రాంతాలకు ప్రత్యేకమైన చిక్కొకటుంది. లీటరుకు 1.5 ఉన్న నీళ్లు చల్లని ఊళ్లో రోజుకు లీటరు తాగే పిల్లవాడికి 1.5 మిల్లీగ్రాములిస్తే, కర్నూలు ఎండలో రెండు లీటర్లు తాగేవాడికి 3 మిల్లీగ్రాములిస్తాయి. ఎక్కువ తాగాల్సిన చోట నీళ్లు ఇంకా శుభ్రంగా ఉండాలి. ఎనిమిదేళ్ల లోపు, పళ్ల పైపొర తయారయ్యే వయసులో, ఇది మరీ ముఖ్యం. కాచి వడబోస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం తీసేస్తుంది, దాని పొరలు వేళకు మారుస్తుంటే. వాన నీళ్లలో దాదాపు ఉండదు. బడి బోరు నీళ్లను ఎప్పుడు పరీక్షించారు, ఎంత వచ్చింది అన్నది కుళాయి పక్కన గోడ మీద రాసి ఉంచమని తల్లిదండ్రులు అడగొచ్చు.

ఇంత చెప్పినా మా పాప అన్న రెండో మాట అలాగే ఉంది. ఆ బాత్రూముకు గడియ లేదు. విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడికీ తాగునీళ్లు, ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి ఉండాలంది. 2012లో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువిచ్చి మరీ రాష్ట్రాలకు చెప్పింది. మన రాష్ట్రంలో నాడు-నేడు పథకం కింద ఎన్నో బడుల్లో కుళాయితో సహా మరుగుదొడ్లు కట్టారు. కట్టడం అయ్యాక రోజూ కడిగేవాళ్లు, ఊడిన గడియను బిగించేవాళ్లు కావాలి. లేకపోతే ఆడపిల్లలు మనకు చెప్పకుండా ఒక నిర్ణయం తీసుకుంటారు. పొద్దున్నుంచి నీళ్లు మానేస్తారు, మూత్రం బిగబట్టుకుంటారు. ఆడపిల్లల్లో మూత్రం బయటికొచ్చే గొట్టం పొట్టిది కాబట్టి క్రిములు లోపలికి చేరడం తేలిక, నిలువున్న మూత్రంలో అవి పెరగడమూ తేలిక. నెలసరి మొదలైన పిల్లలకు ఆ బాధ రెట్టింపు.

మర్నాడు మా చెల్లెలు బడికి వెళ్లి పెద్ద సార్‌తో మాట్లాడింది. మొదట గడియ సంగతే చెప్పింది, క్లాసులో నీళ్ల సంగతి తర్వాత. జూన్‌లో బడులు తెరిచాక ఫోన్ చేస్తే పాపే ఎత్తింది.

"గడియ పెట్టినారా?"

"పెట్టినారు మామా. బకెట్టు కూడా పెట్టినారు."

"మరి బాటిలు?"

గట్టు దాకా పోయి చూసొచ్చినట్టుంది. "అడుగున రవ్వంత ఉండాయి మామా" అంది.