చిన్న సినిమాకు చేతులు కావాలి

సినిమా రంగం అనగానే మనకు గుర్తొచ్చే పనులు నాలుగే: నటన, దర్శకత్వం, కెమెరా, సంగీతం. స్టార్లూ భారీ సెట్లూ లేకుండా మన వీధుల్లోని మనుషుల కథ చెప్పే స్వతంత్ర సినిమాల దగ్గర లెక్క వేరు. అక్కడ కథలు రాసేవాళ్లకు కొదవ లేదు. తీసిన సినిమాను చూడాల్సినవాళ్ల దగ్గరికి చేర్చేవాళ్లే తక్కువ. డిగ్రీ పట్టా చేతిలో పెట్టుకుని 'సినిమానా, ఉద్యోగమా' అని ఊగిసలాడుతున్నారా? అయితే ముందు ఈ ఖాళీ గురించి తెలుసుకోండి.

రెండు రూపాయల నిర్మాతలు

హైదరాబాద్ గడ్డ మీద పెరిగిన శ్యామ్ బెనెగళ్ 1976లో 'మంథన్' తీశారు. గుజరాత్ పల్లెల్లో పాల సహకార సంఘం ఎలా పుడుతుంది, కులం, దళారీలు దానికి ఎలా అడ్డుపడతారన్నదే కథ. పెట్టుబడి ఎవరిదో తెలుసా? 5 లక్షల మంది పాడి రైతులది. అమూల్ సారథి వర్గీస్ కురియన్ అడిగితే తలా రూ.2 ఇచ్చారు. మొత్తం రూ.10 లక్షలు.

ఇప్పుడు దీన్ని మార్కెటింగ్ కళ్లతో చూడండి. డబ్బు పెట్టినవాళ్లే మొదటి ప్రేక్షకులు. 'మన సినిమా' అంటూ లారీలెక్కి మరీ థియేటర్లకు వచ్చారు. ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. సహకార ఉద్యమాన్ని విస్తరించడానికి ఆ సినిమా ప్రింట్లను వేరే రాష్ట్రాల పల్లెలకు తీసుకెళ్లారు. వాటితో పాటు పశువైద్యుడు, పాల సాంకేతిక నిపుణుడు, పశుగ్రాసం గురించి చెప్పే మనిషి కూడా వెళ్లారు. సినిమా చూసి 'మరి మేమేం చేయాలి?' అని అడిగే రైతుకు జవాబిచ్చేవాళ్లు పక్కనే ఉన్నారన్నమాట. సినిమా ఒక్కటే సమాజాన్ని మార్చేస్తుందంటే నమ్మకండి. వెనకాల ఇలాంటి పని ఉన్నప్పుడే మార్పుకు దారి పడుతుంది.

కంచరపాలెం నేర్పే పాఠం

మన దగ్గరికి వద్దాం. 2018 సెప్టెంబరులో విడుదలైన 'కేరాఫ్ కంచరపాలెం' దర్శకుడు వెంకటేష్ మహాకు తొలి సినిమా. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె వైద్యురాలు, సినిమాలో ఒక ముఖ్య పాత్ర కూడా చేశారు. విశాఖలోని కంచరపాలెంలోనే తీశారు. నటుల్లో చాలామంది ఆ ఊరివాళ్లే, అంతకుముందు కెమెరా ముఖం ఎరగనివాళ్లే. పేరున్న నటులు లేకపోవడం బడ్జెట్‌కు కలిసొచ్చేదే కానీ, పోస్టర్ చూసి టికెట్ కొనడానికి మాత్రం అది పెద్ద అడ్డంకి.

దాన్నెలా దాటారు? విడుదలకు ముందే న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికవడంతో జనం నోట్లో పేరు పడింది. సురేష్ ప్రొడక్షన్స్, రానా దగ్గుబాటి అండగా నిలవడంతో థియేటర్లు దొరికాయి. కులం, మతం, వయసు అడ్డొచ్చే ప్రేమల గురించి ఇళ్లలో, హాస్టళ్లలో మాట్లాడుకునేలా చేసింది. సినిమా బాగుండటం ఎంత అవసరమో, ఈ మెట్లన్నీ ఎక్కడమూ అంతే అవసరం.

మీకు చోటెక్కడ?

ఈ మెట్ల దగ్గరే పని ఉంది. కొన్ని చూద్దాం.

సౌండ్: అనుభవం లేని నటుల సహజమైన మాటను పట్టుకోవాలంటే లొకేషన్‌లోనే రికార్డు చేసే సింక్ సౌండ్ మేలు. ఈసీఈ వాళ్లకు ఇది దగ్గరి దారి.

డేటా: షూటింగ్ రోజూ పుట్టే ఫుటేజీని కాపీ చేసి, సరిచూసి, రెండు మూడు చోట్ల భద్రపరచాలి. ఒక్క హార్డ్ డిస్క్ పోతే ఒక రోజు షూటింగ్ పోయినట్టే.

సబ్‌టైటిల్స్: ఉత్తరాంధ్ర యాసను, తెలంగాణ సామెతను ఇంగ్లిష్‌లో రెండు లైన్లలో చెప్పగలగాలి. పరాయి భాషవాళ్లు జ్యూరీలో ఉన్న ఫెస్టివల్లో సినిమా భవిష్యత్తు చాలావరకు దీని మీదే ఉంటుంది.

విడుదల పనులు: సెన్సార్ దరఖాస్తు, థియేటర్‌కు కావాల్సిన డీసీపీ ఫైలు తయారీ, ఫెస్టివల్ గడువులు, ఓటీటీ అడిగే ఫైళ్లు. వీటికి ఓపిక, ఎక్సెల్ షీటు రెండూ కావాలి.

ఇంపాక్ట్ ప్రొడ్యూసర్: మంథన్ వెనక జరిగిన పనికి ఇప్పటి పేరు ఇదే. కాలేజీలు, సంఘాలు, స్వచ్ఛంద సంస్థలతో మాట్లాడి ప్రదర్శనలు, చర్చలు పెట్టించాలి.

జీతం మాటేంటి?

సూటిగా చెప్పుకుందాం. ఈ రంగంలో నెల నెలా జీతం అరుదు. పని ప్రాజెక్టును బట్టి వస్తుంది, డబ్బు ఆలస్యం కావచ్చు. 'పేరొస్తుంది కదా తమ్ముడూ' అనే మాట మీద నెలల తరబడి ఉచితంగా పనిచేయొద్దు. ఎన్ని రోజులు, ఎంత, ఎప్పుడిస్తారు, టైటిల్స్‌లో పేరు ఎలా వేస్తారు.. ఈ నాలుగూ కాగితం మీదో మెయిల్‌లోనో రాయించుకోండి. ఇంట్లో మీ జీతం అవసరం ఉంటే ఉద్యోగం మానకుండా సబ్‌టైటిల్స్, ఫెస్టివల్ దరఖాస్తుల్లాంటి ఇంటి నుంచి చేయగలిగే పనులతో మొదలుపెట్టండి.

శాస్త్రీయంగా నేర్చుకోవాలంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ ఉన్నాయి. ప్రవేశ పరీక్ష రాయాలి. ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సుకు ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. ఏటా నవంబరులో ఇఫీతో పాటు గోవాలో జరిగే ఫిల్మ్ బజార్‌లో స్వతంత్ర దర్శకులు నిర్మాతలను, కొనుగోలుదారులను వెతుక్కుంటారు. పరిచయాలకు అది మంచి చోటు.

ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి

మీ ఊళ్లో అందరినీ ఇబ్బంది పెడుతున్న ఒక విషయం ఎంచుకోండి. బస్సు రాని రోడ్డు కావచ్చు, మూతపడిన హాస్టల్ కావచ్చు. ఫోన్‌తోనే పది నిమిషాల సినిమా తీయండి. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్, డీసీపీ తయారీకి డీసీపీ-ఓ-మాటిక్ ఉచితంగా దొరుకుతాయి. ఒకటే షరతు: షూటింగ్‌కు ముందే దాన్ని ఎవరు చూడాలో 50 మంది పేర్లు రాసుకోండి. తీశాక వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి చూపించండి. లైట్లు వేశాక వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకోండి, ఆ సమస్య తేల్చగల అధికారిని కూడా పిలవండి. రేపు పని అడగడానికి వెళ్లినప్పుడు సినిమా లింకుతో పాటు ఈ కాగితాన్నీ చూపించండి. ప్రేక్షకులను కూడగట్టగలనని చెప్పడానికి అదే మీ రుజువు.