వారపు కెలోరీ లెక్క

బరువు తగ్గదలచినవారు ఆహారపు శక్తిని ఒక్కొక్క రోజుకు గాక ఏడు రోజులకు కలిపి లెక్కించుకొను పద్ధతిని వారపు కెలోరీ లెక్క అనవచ్చును. ఆహార విషయంలో కెలోరీ అనగా కిలోకెలోరీ అనియే అర్థము.

రోజుకు 1,800 కెలోరీల పరిమితి పెట్టుకొన్నవారికి వారానికి 12,600 అవుతాయి. ఆదివారం పెళ్ళిభోజనంలో 2,700 తిన్నచో, తక్కిన ఆరు రోజులూ 150 చొప్పున తగ్గించిన లెక్క సరిపోవును. అంతయు మరునాడే తగ్గించబోయి 900తో సరిపెట్టుకొన్నచో ఆకలి పెరిగి మరల అతిగా తినే ప్రమాదం ఉన్నది. లెక్క తప్పేది తరచుగా నూనె దగ్గర. గ్రాముకు 9 కెలోరీలు గల వస్తువును మన వంటిళ్ళలో ఎవరూ తూచరు.

విందు మరునాడు తూకంలో ఒక కిలో పెరిగినదని బెంగపడనవసరం లేదు. కిలో కొవ్వు చేరుటకు సుమారు 7,700 కెలోరీల మిగులు కావలెను. ఆ పెరుగుదలలో అధికభాగం ఉప్పు, గ్లైకోజెన్ పట్టి ఉంచిన నీరే.

2012లో బీబీసీ కార్యక్రమం ద్వారా మైకేల్ మోస్లీ ప్రచారంలోకి తెచ్చిన 5:2 పద్ధతి కూడా వారపు లెక్కయే. ఇందులో అయిదు రోజులు మామూలు భోజనం. రెండు రోజులు పురుషులకు 600, స్త్రీలకు 500 కెలోరీలు. మధుమేహానికి ఇన్సులిన్ గాని, సల్ఫోనైల్‌యూరియా మాత్రలు గాని వాడువారు వైద్యుని అడగకుండా ఇట్లు ఒక రోజు తగ్గించి తినరాదు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును.