అమెరికా నావికాదళంలో సిబ్బంది సేవల ఆధునికీకరణ

అమెరికా నావికాదళంలో నియామకం, శిక్షణ, బదిలీ, పదోన్నతి, జీతభత్యాలు, సెలవులు, విరమణ మొదలైన పనులను నిర్వహించే వ్యవస్థను కాలానుగుణంగా మార్చేందుకు జరిగిన ప్రయత్నాలను సిబ్బంది సేవల ఆధునికీకరణ అంటారు. ఈ దళంలో సుమారు 3.3 లక్షల మంది క్రియాశీల సిబ్బంది ఉన్నారు. వీరిలో చాలామంది నెలల తరబడి సముద్రంపైనే ఉంటారు. కార్యాలయానికి స్వయంగా వెళ్ళి పని చేయించుకునే వీలు వారికి ఉండదు. అందువలన కాగితాల పనిలో జరిగే చిన్న జాప్యం కూడా ఒడ్డున ఉన్న కుటుంబాన్ని నేరుగా ఇబ్బంది పెడుతుంది.

చరిత్ర

నావికుల నియామకం, బదిలీల బాధ్యత చాలాకాలం నౌకాయాన విభాగం చేతిలో ఉండేది. ఈ విభాగం 1862లో ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, దీని పేరును నావికా సిబ్బంది విభాగంగా మార్చారు. 1945 నాటికి దళంలో 30 లక్షలకు పైగా సిబ్బంది ఉండేవారు. ప్రతి ఒక్కరి నైపుణ్యాన్ని నమోదు చేసి, తగిన నౌకకు పంపవలసి రావడంతో సిబ్బంది నిర్వహణ ప్రత్యేక వృత్తిగా స్థిరపడినది. 1990లలో ఈ విభాగం వాషింగ్టన్ పరిసరాల నుండి టెనెసీ రాష్ట్రంలోని మిల్లింగ్టన్‌కు తరలినది.

జుమ్వాల్ట్ సంస్కరణలు

1970లో అడ్మిరల్ ఎల్మో జుమ్వాల్ట్ నావికాదళాధిపతి అయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 49 సంవత్సరాలు. ఆ పదవిని చేపట్టిన వారిలో ఆయనే అతి పిన్నవయస్కుడు. వియత్నాం యుద్ధకాలంలో తొలి ఒప్పందం ముగియగానే నావికులు పెద్ద సంఖ్యలో దళాన్ని విడిచి వెళ్ళసాగారు. దీనిని అరికట్టడానికి జుమ్వాల్ట్ నేరుగా దళమంతటికీ సందేశాలు పంపారు. వీటిని జెడ్-గ్రాములు అంటారు. మొత్తం 121 జెడ్-గ్రాములు వెలువడ్డాయి. వాటిలో ముఖ్యమైనవి:

* జెడ్-57 (నవంబరు 1970): నావికులను చిన్నబుచ్చే అనవసర నిబంధనల తొలగింపు.
* జెడ్-66 (డిసెంబరు 1970): జాతి వివక్ష లేని సమాన అవకాశాలు.
* జెడ్-116 (ఆగష్టు 1972): మహిళలకు సమాన హక్కులు, అవకాశాలు.

ఈ మార్పులు క్రమశిక్షణను సడలిస్తాయని కొందరు సీనియర్ అధికారులు విమర్శించారు. అయితే 1973లో నిర్బంధ సైనిక సేవ ముగిసినది. ఆపై యువకులు తమ ఇష్టంతో చేరితేనే దళం నిలుస్తుంది. కాబట్టి సిబ్బంది సంక్షేమం దళం మనుగడకు సంబంధించిన విషయంగా మారినది.

వృత్తి నామాల వివాదం

అమెరికా నావికుడిని అతని హోదాతో పాటు వృత్తి పేరుతో కలిపి పిలవడం ఆచారం. 2016 సెప్టెంబరు 29న ఈ వృత్తి నామాలను రద్దు చేసి, వాటికి బదులుగా సంకేత సంఖ్యలు వాడాలని నిర్ణయించారు. ఒక వృత్తి నుండి మరొక వృత్తికి మారడం సులభమవుతుందని అధికారులు వివరించారు. నావికులు మాత్రం దీనిని తమ గుర్తింపును చెరిపివేయడంగా భావించి తీవ్రంగా వ్యతిరేకించారు. అదే సంవత్సరం డిసెంబరు 21న పాత నామాలను పునరుద్ధరించారు. నిర్వహణకు అనుకూలమైన మార్పు అయినప్పటికీ, సిబ్బంది అంగీకారం లేకపోతే అది నిలవదని ఈ సంఘటన చూపినది.

కేంద్రీకృత సేవలు

పూర్వం సిబ్బంది పత్రాలను చూసే గుమాస్తా, జీతాలు పంచే గుమాస్తా వేర్వేరు వృత్తులకు చెందినవారు. 2005లో ఈ రెండు వృత్తులను కలిపివేశారు. అయితే కంప్యూటరు వ్యవస్థలు మాత్రం విడివిడిగానే మిగిలాయి. సిబ్బంది, జీతాల పనులకు యాభైకి పైగా వ్యవస్థలు వాడుకలో ఉండేవి. ఒకదానిలో మారిన వివరం మరొకదానిలోకి దానంతట అది చేరేది కాదు. ఉదాహరణకు, నావికుడికి వివాహమైన సంగతి జీతాల ఖాతాకు ఆలస్యంగా చేరితే, అతనికి రావలసిన గృహభత్యం కూడా ఆలస్యమయ్యేది.

దీనికి పరిష్కారంగా 2018 సెప్టెంబరులో మైనేవీ కెరీర్ సెంటర్‌ను ప్రారంభించారు. రోజుకు 24 గంటలూ పనిచేసే ఈ కేంద్రాన్ని నావికులు ప్రపంచంలో ఎక్కడి నుండైనా సంప్రదించవచ్చు. స్థావరాలలోని స్థానిక సిబ్బంది కార్యాలయాల పనిని క్రమంగా కొన్ని పెద్ద కేంద్రాలకు తరలించారు. ప్రతి నౌకలోను, విభాగంలోను ఒక నిర్వాహకుడు పత్రాలను సేకరించి ఆ కేంద్రాలకు పంపే పద్ధతి ఏర్పడినది. సిబ్బంది, జీతాల వ్యవస్థలను ఒకటిగా కలిపే కొత్త సాఫ్ట్‌వేరును కూడా రూపొందించ తలపెట్టారు.

సమస్యలు

కొత్త సాఫ్ట్‌వేరు అనుకున్న సమయానికి అందుబాటులోకి రాలేదు. స్థానిక కార్యాలయాల పని మాత్రం అప్పటికే కేంద్రాలకు చేరినది. అక్కడ అనుభవం గల సిబ్బంది చాలకపోవడంతో దరఖాస్తులు పేరుకుపోయాయి. 2022, 2023 సంవత్సరాలలో కొందరు నావికులకు జీతభత్యాలు, ప్రయాణ ఖర్చులు ఆలస్యమయ్యాయి. విరమణ చేసిన కొందరికి డీడీ-214 అనే ధ్రువపత్రం సకాలంలో అందలేదు. మాజీ సైనికుల వైద్యం, విద్యా సహాయం, గృహరుణం, ఉద్యోగాలలో ప్రాధాన్యం వంటి వాటికి ఈ పత్రమే ఆధారం. అది చేతికి రాని వ్యక్తి సేవ ముగించుకున్నప్పటికీ ఆ సేవను రుజువు చేసుకోలేడు. నావికాదళ నాయకత్వం ఈ జాప్యాన్ని బహిరంగంగా అంగీకరించి, విరమణ పత్రాలకు ప్రాధాన్యం ఇచ్చినది.

నియామకాలపై ప్రభావం

2023 ఆర్థిక సంవత్సరంలో 37,700 మంది నావికులను చేర్చుకోవాలని లక్ష్యంగా పెట్టుకోగా, 30,236 మంది మాత్రమే చేరారు. తరువాత అర్హతా నియమాలను సడలించడం, అభ్యర్థులకు ముందస్తు శిక్షణ ఇవ్వడం, దరఖాస్తుల పరిశీలనను వేగవంతం చేయడం వంటి చర్యలు తీసుకున్నారు. 2024 ఆర్థిక సంవత్సరంలో 40,600 లక్ష్యాన్ని మించి 40,978 మంది చేరారు.

ప్రాముఖ్యత

సిబ్బంది సేవలలో సాంకేతికత ఒక భాగం మాత్రమే. కొత్త వ్యవస్థ పూర్తిగా పనిచేసే వరకు పాత వ్యవస్థను, దానిని తెలిసిన ఉద్యోగులను కొనసాగించవలసిన అవసరాన్ని అమెరికా నావికాదళ అనుభవం తెలియజేస్తున్నది. జీతం సమయానికి అందుతుందన్న నమ్మకం నావికుడికి ఉండాలి. దళంలో కొనసాగాలా, వద్దా అని అతడు, అతని కుటుంబం నిర్ణయించుకోవడంలో ఆ నమ్మకానికి ముఖ్యపాత్ర ఉన్నది.