ఊరు పోయినా.. తాబేళ్లకు అండగా!

* రుషికుల్య ఒడ్డున నిర్మానుష్య తీరం
* కడలి కోతకు చెదిరిన తెలుగు మత్స్యకార పల్లె
* చూడ్డానికి వెళ్లేవారూ.. లైట్లు ఆపండి

బరంపురం: కొబ్బరి బొండాల బండి లేదు. బజ్జీల పొయ్యి లేదు. ఫొటో తీస్తామంటూ వెంటపడేవాళ్లు లేరు. కనుచూపు మేర ఇసుక, దాని వెనక సరుగుడు తోటలు, మధ్యలో పైకప్పు లేని మొండిగోడలు. ఒడిశాలోని గంజాం జిల్లా పొడంపేట తీరంలో అడుగు పెడితే మొదట కనిపించేవి ఇవే. ఇంత చక్కటి బీచ్‌ ఇంత ఖాళీగా ఎందుకుందా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. సమాధానం ఆ మొండిగోడలే చెబుతాయి. ఇక్కడ ఒకప్పుడు తెలుగువారి ఊరుండేది.

గోపాల్‌పూర్‌ దాటితే..

బరంపురం వాళ్లకు సముద్రమంటే గోపాల్‌పూరే. పట్నానికి 16 కిలోమీటర్లు. ఆదివారం వస్తే అక్కడ ఇసుకేస్తే రాలనంత జనం. దాని చరిత్ర పాతది. బ్రిటిషువారి కాలంలో ఇక్కడి నుంచి రంగూన్‌కు ఓడలు నడిచేవి. గంజాం జిల్లా పేదలు, వారిలో మన తెలుగువాళ్లు కూడా, పొట్ట చేతపట్టుకుని ఇక్కడే ఓడెక్కారు. పాత జెట్టీ తాలూకు స్తంభాలు, దీపస్తంభం ఆ రోజులకు గుర్తులు. ఒడ్డునున్న మత్స్యకారుల వీధుల్లోకి వెళితే ఇప్పటికీ వినిపించేది తెలుగే. ఒడియావారు వీళ్లను ‘నోలియా’లంటారు. వీళ్లేమో వాడబలిజలమనో, జాలర్లమనో చెప్పుకుంటారు.

ఈ తెలుగు ఎక్కడి నుంచో వలస వచ్చింది కాదు. 1936 ఏప్రిల్‌ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి కూడా ఈ జిల్లావే. గీత మధ్యలో పడింది. ఒడ్డున వల లాగేవాళ్లు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు.

గోపాల్‌పూర్‌ నుంచి ఉత్తరంగా ఛత్రపురం, గంజాం మీదుగా వెళితే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటొస్తుంది. గంజాం ఒకనాడు జిల్లా కేంద్రం. 19వ శతాబ్దం మొదట్లో విషజ్వరాలు ప్రబలి జనం పిట్టల్లా రాలిపోతే కచేరీలన్నీ అక్కడి నుంచి తరలించారు. ఆ గంజాం దాటి లోపలి రోడ్డు పడితే పొడంపేట. ఆ ఊరి పేరు చివర ‘పేట’ ఊరకే రాలేదు.

ఊరెక్కడంటే..

ఏ ఊరు బాబూ అన్న పలకరింపుతోనే ఇక్కడ మాట మొదలవుతుంది. శ్రీకాకుళం యాసకు దగ్గరి యాస. మధ్య మధ్యలో ఒడియా పదం దొర్లుతుంది. పాత ఊరెక్కడుండేదని అడిగితే పెద్దవాళ్లు చెయ్యి సముద్రం వైపు చూపిస్తారు. గత ఇరవై ఏళ్లలో కెరటం కొంచెం కొంచెంగా ఇళ్లను తినుకుంటూ వచ్చింది. మొదట వలలు ఆరబెట్టుకునే ఇసుక పోయింది. తర్వాత ముందు వరస ఇళ్లు పోయాయి. 2013 అక్టోబరు 12న పైలిన్‌ తుపాను గోపాల్‌పూర్‌ దగ్గరే తీరం దాటింది. ఆ దెబ్బతో ఈ తీరమంతా చెల్లాచెదురైంది. పొడంపేట వాసులకు లోపలి వైపున కొత్త కాలనీ వచ్చింది. ఇళ్లు పక్కావే. కాని పడవ దగ్గరికి రావాలంటే నడక పెరిగింది. రాత్రి గాలి తిరిగితే మంచం మీంచే సముద్రం సంగతి తెలుసుకునే వీలు పోయింది.

కోత ఎందుకు? నది ముఖద్వారం ఒక్కచోట నిలవదు. ఇసుక మేటలు జరిగినప్పుడల్లా అదీ జరుగుతుంది. దీనికితోడు మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోతుంది. దారిలో ఏ రాతి గోడ అడ్డం వచ్చినా దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోతకు గురవుతుంది. తీరంలో ఎక్కడ ఏం కట్టినా ముందు ఆలోచించుకోవాల్సిన విషయమిది.

రాత్రి అతిథులు

జనం ఖాళీ చేసిన ఈ ఇసుకకు ఏటా లక్షల్లో అతిథులొస్తాయి. అవే ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు. 1994లో శాస్త్రవేత్తలు ఈ చోటు సంగతి లోకానికి చెప్పారు. ఇక్కడి జాలర్లకు అది అంతకుముందే తెలుసు. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని రాత్రుల పాటు గుంపులు గుంపులుగా ఒడ్డెక్కుతాయి. ఒక్కోటీ వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, నూరుకు అటూఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతుంది. అటవీ శాఖ లెక్క ప్రకారం 2023లో 6.37 లక్షలు, 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. 2024లో మాత్రం గుంపులు రాలేదు. వాటి ఇష్టం వాటిది.

ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికొస్తాయి. చీకట్లో సముద్రం మీద మెరిసే కాంతిని చూసుకుని అవి నీళ్ల వైపు నడుస్తాయి. ఊరి వైపు దీపం వెలుగుతుంటే దారి తప్పి అటు పోతాయి. తెల్లారేసరికి కుక్కలు, కాకుల పాలు. అందుకే ఆ రోజుల్లో చుట్టుపక్కల దీపాలు ఆర్పడం, వలకంచె కట్టడం, దారి తప్పిన పిల్లల్ని బుట్టల్లో ఎత్తి నీళ్ల దగ్గర వదలడం ఇక్కడ అలవాటు. పురుణబంధ, గోఖర్‌కుద, పొడంపేట కుర్రాళ్లు ఇందులో ముందుంటారు. తాబేలంటే కూర్మావతారమని దండం పెట్టుకునే పెద్దలూ ఉన్నారు. శ్రీకూర్మం ఇక్కడివారికి పరాయి క్షేత్రం కాదు మరి.

బరువు ఎవరిది?

తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు రుషికుల్య ముఖద్వారం వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటపై ఆంక్షలుంటాయి. తూర్పు తీరమంతటా మరపడవలకు ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా నిషేధం ఎలాగూ ఉంది. రెండూ కలిపితే మరపడవ మీద బతికేవాడికి ఏడున్నర నెలలు చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే. సాయం కింద ఇచ్చే సొమ్ము అన్ని నెలల కూడుకు సరిపోదు. అందుకే కుర్రాళ్లు విశాఖ, చెన్నై, కేరళ రేవులకు కూలికి పోతున్నారు. ఊళ్లో ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు మిగులుతున్నారు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు, బడిలో ఒడియా రాస్తున్నారు.

సముద్రం ఇల్లు తీసుకుంది. ఆంక్షలు వేట తీసుకున్నాయి. అయినా వీళ్లు దీపం ఆర్పి తాబేలుకు దారి ఇస్తున్నారు. ఈ తీరం నిర్మానుష్యంగా, ప్రశాంతంగా మిగిలిందంటే అది ఊరకే దొరికింది కాదు. దాని ఖరీదు చెల్లించినవాళ్లు ఆ వెనక కాలనీలో ఉన్నారు. పర్యాటకం పేరుతో రేపు ఇక్కడ రిసార్టులు, ఫ్లడ్‌లైట్లు వస్తే తాబేళ్లూ పోతాయి, వీళ్ల త్యాగమూ బూడిదలో పోసిన పన్నీరే. జనం రావాలి. వచ్చినవారికి దారి చూపే పని, భోజనం పెట్టే పని ఈ పల్లెలకే దక్కాలి. అప్పుడు వేట లేని నెలల్లో పొయ్యి వెలుగుతుంది.

ఇలా వెళ్లొచ్చు

ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లు. అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారిపై ఛత్రపురం మీదుగా గంజాం చేరుకుని, ఆటో మాట్లాడుకోవాలి. రైల్లో వచ్చేవారు ఛత్రపురం లేదా గంజాం స్టేషన్లో దిగొచ్చు. తీరంలో కొట్లు లేవు కనుక తాగునీరు వెంట ఉండాలి. ముఖద్వారం దగ్గర నీటి వడి ఎక్కువ, స్నానాలకు దిగొద్దు. తాబేళ్ల సీజన్లో అటవీ సిబ్బంది చెప్పినచోట ఆగాలి. సెల్‌ఫోన్‌ లైటు, కెమెరా ఫ్లాష్‌ వేయొద్దు. గుడ్లు ముట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు తప్పదు.

తిరిగొచ్చేటప్పుడు కాలనీలో ఒక్క నిమిషం ఆగండి. తెలుగులో పలకరించండి. మంచినీళ్లు ఇవ్వకుండా పంపరు.