కాలువ నీళ్ల పుట్టిల్లు చూసొద్దామా!

రాయచూరు: సింధనూరు, మాన్వి క్యాంపుల్లో వరి వేసే మనోళ్లకు ఎడమ కాలువ తెలుసు, హొసపేట డ్యాం తెలుసు. మరి ఆ నీళ్లు ఎక్కడ పుడతాయో చూశారా?

చిక్కమగళూరు వైపు పడమటి కనుమల్లో కుద్రేముఖ్ జాతీయ పార్కు ఉంది. 1987లో ప్రకటించిన ఈ అడవి దాదాపు 600 చదరపు కిలోమీటర్లు. ఇందులోని గంగమూల కొండల్లోనే తుంగ, భద్ర, నేత్రావతి పుడతాయి. నేత్రావతి అరేబియా సముద్రం దారి పడుతుంది. తుంగ, భద్ర మాత్రం శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలిసి మన మళ్ల దాకా వస్తాయి.

కొండ గుర్రం మొహంలా ఉంటుంది కాబట్టే ఆ పేరు. ఎత్తు సుమారు 1,890 మీటర్లు. కళస దగ్గరి ముళ్లోడి నుంచి నడక మొదలు, పోనూ రానూ 20 కిలోమీటర్ల దాకా. పచ్చిక కొండలు, లోయల్లో చిక్కటి శోలా అడవి, అడుగడుగునా వాగులు. వానల్లో జలగలు వదలవు. అంత నడవలేని పెద్దవాళ్లకు కార్కళ రోడ్డు పక్కన హనుమాన్‌గుండి జలపాతం ఉంది. మెట్లు దిగితే చాలు, ఎక్కేటప్పుడే ఆయాసం!

ఒకప్పుడు ఇక్కడ ఇనుప ఖనిజం తవ్వేవారు. వానొస్తే గనుల మట్టి భద్రలోకే. సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 ఆఖరుకు తవ్వకాలు ఆగాయి. 133 టీఎంసీలతో మొదలైన తుంగభద్ర డ్యాం పూడికతో 105 టీఎంసీలకు దిగింది. ఈ పూడికంతా ఆ గనులదే అనలేం గానీ, నీళ్లందని చివరి ఆయకట్టు రైతుకు పై అడవి సంగతి పరాయిదేం కాదు.

కొండెక్కాలంటే అటవీశాఖ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఎండాకాలం కార్చిచ్చు భయంతో దారులు మూస్తుంటారు. నాట్లయ్యాక, కోతలకు ముందు వెళ్తే మంచిది.