లాప్‌టాప్‌నందు సేవల వరుస

గత పరీక్షల కాలమున మా లాప్‌టాప్‌నుండి నెట్‌వర్కు డ్రైవులో భద్రపఱచిన మార్కుల పట్టిక మఱునాడు కానరాలేదు. విద్యార్థుల శ్రమఫలము పోయెనేమో యని మిక్కిలి కలవరపడితిమి.

జర్నల్‌సీటీఎల్ అను ఆజ్ఞతో యంత్రపు ప్రారంభ వృత్తాంతమును చదువగా కారణము తేటపడెను. లినక్సు యంత్రము మేల్కొనునపుడు, 2010లో వెలువడిన సిస్టమ్‌డీ అనేక సేవలను ఏకకాలమున ప్రారంభించును. దూరపు సర్వరులోని డ్రైవును కలుపుటకు ముందుగా నెట్‌వర్కు సిద్ధము కావలెను. తీగగల కంప్యూటరునకు ఈ చిక్కు తక్కువ. లాప్‌టాప్‌లోనో, వైఫై సంకేతపదము పలుమాఱు వాడుకరి లాగిన్ అయిన పిదపగాని అందదు. బాట పడకమున్నే బండి కట్టినట్లు డ్రైవు ప్రయత్నము విఫలమై, దాని స్థానమున ఖాళీ ఫోల్డరు మిగిలెను. మా పట్టిక ఆ ఫోల్డరులో, అనగా స్వంత డిస్కుపైననే నిలిచెను. మఱునాడు డ్రైవును చేతితో కలుపగా దాని చాటున మఱుగుపడెను. డ్రైవును విడదీసి చూడగా పట్టిక యథాతథముగ దొరకెను!

నివారణోపాయములు రెండు గలవు. వైఫై సంకేతపదమును వాడుకరులందఱికిని చెందునట్లు భద్రపఱచుట మొదటిది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ దస్త్రమున ఆ డ్రైవు వరుసలో ‘ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్’ అని చేర్చుట రెండవది. అపుడు ఫోల్డరును తెఱచినపుడే డ్రైవు కలియును. కలియనిచో దోషము తెలుపునేగాని ఖాళీ ఫోల్డరులో వ్రాయనీయదు.

బాలబాలికలారా, వస్తువు పోయెనని దుఃఖించుటకు ముందు పనుల వరుసను పరీక్షింపుడు.