డైనమిక్ డీఎన్ఎస్

డైనమిక్ డీఎన్ఎస్ అనగా, తరచుగా మారే ఐపీ చిరునామాను మారని ఒక పేరుతో ముడిపెట్టి ఉంచే అంతర్జాల సేవ. చిరునామా మారిన ప్రతిసారీ ఆ మార్పును గుర్తించి సేవాసంస్థకు తెలియజేసే చిన్న ప్రోగ్రామును డైనమిక్ డీఎన్ఎస్ క్లయింటు అంటారు. ఇంటిలోని కంప్యూటరును, నిఘా కెమెరాను, సర్వరును దూరం నుండి చేరడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. అయితే బయటి ప్రపంచం నుండి నేరుగా చేరగల చిరునామా ఉన్న కనెక్షనుకు మాత్రమే దీనివలన ప్రయోజనం ఉంటుంది. చిరునామా అటువంటిది కానప్పుడు క్లయింటు ఎంత సక్రమంగా నడిచినా ఇల్లు చేరడం సాధ్యం కాదు.

నేపథ్యం

అంతర్జాలంలో ఒక యంత్రం మరొక యంత్రాన్ని సంఖ్యలతో గుర్తిస్తుంది. మనుషులు పేర్లు గుర్తుంచుకుంటారు. పేరును సంఖ్యగా మార్చి చెప్పే వ్యవస్థయే డీఎన్ఎస్. దీనిని 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించాడు. పేరు పట్టికలోని వివరాలను మనిషి ప్రమేయం లేకుండా అప్పటికప్పుడు సవరించే విధానానికి 1997లో ప్రమాణం ఏర్పడింది.

ఐపీ నాలుగవ రూపంలో, అనగా ఐపీవీ4లో, సాధ్యమయ్యే చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అందువలన అంతర్జాల సంస్థలు ప్రతి ఇంటికీ శాశ్వత చిరునామా కేటాయించక, తమ వద్దనున్న వాటిలో అప్పటికి ఖాళీగా ఉన్నదానిని ఇస్తాయి. మోడెము ఆగి మరల వెలిగినప్పుడు వేరొక చిరునామా రావచ్చు. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త చిరునామాను తపాలా కార్యాలయంలో వ్రాయించి వచ్చే మనిషి వంటిది క్లయింటు. ఉత్తరం వ్రాసేవారికి పేరు తెలిస్తే చాలు.

గోదావరి డెల్టాలో

ఉభయ గోదావరి జిల్లాలలో చాలా ఇళ్ళకు బ్రాడ్‌బ్యాండు మొదట టెలిఫోను తీగల మీదనే వచ్చింది. బీఎస్ఎన్ఎల్ ఈ సేవను 2005 జనవరిలో ప్రారంభించింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోడెము మరల కలుపుకొనేది, చిరునామా మారేది. తరువాత ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబరు తీగలు వేసింది. ఆ కనెక్షన్లు ముందుగా పొందిన గ్రామాలలో సఖినేటిపల్లి మండలంలోని మోరి ఒకటి. అది అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోనిది, 2022 నుండి కోనసీమ జిల్లాలో ఉన్నది.

ఈ ప్రాంతంలో దూరం నుండి చూడవలసిన అవసరాలు రెండు విధాలు. పిల్లలు విదేశాలలో ఉండగా పెద్దలు మాత్రమే మిగిలిన ఇళ్ళు మొదటివి. భీమవరం వైపు విస్తరించిన చేపల, రొయ్యల చెరువులు రెండవవి. రాత్రివేళ ఏరేటర్లు ఆగిపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారేసరికి పంట నష్టపోవచ్చు. అందుచేత చెరువు గట్టున కెమెరా పెట్టుకొన్నవారికి, అది అవసరమైన వేళ కనబడకపోవడం చిన్న ఇబ్బంది కాదు.

పనిచేయు విధానం

క్లయింటు కొన్ని నిమిషాలకొకసారి తన కనెక్షను బయటకు ఏ చిరునామాతో కనిపిస్తున్నదో తెలుసుకొంటుంది. అది పాతదే అయితే మిన్నకుంటుంది. మారితే, వాడుకరి పేరు, సంకేతపదం చూపి సేవాసంస్థ పట్టికలో కొత్త సంఖ్యను వ్రాయిస్తుంది.

పట్టిక మారిన క్షణంలోనే లోకమంతటికీ తెలియదు. ఒకసారి అడిగి తెలుసుకొన్న జవాబును మధ్యనున్న సర్వర్లు కొంతకాలం దాచుకొంటాయి. ఆ కాలపరిమితిని టీటీఎల్ అంటారు. సాధారణ వెబ్‌సైట్లకు ఇది గంటలలో ఉండవచ్చు. డైనమిక్ డీఎన్ఎస్‌లో 60 సెకన్ల వంటి స్వల్పకాలం పెడతారు.

ముందుగా చేయవలసిన పరీక్ష

ఆసియా పసిఫిక్ ప్రాంతంలో చిరునామాలు పంచే ఏపీనిక్ సంస్థ వద్ద ఐపీవీ4 నిల్వలు 2011 ఏప్రిల్‌లో చివరి భాగానికి చేరాయి. నాటి నుండి అనేక సంస్థలు ఒకే బహిరంగ చిరునామాను ఎందరో వినియోగదారులకు ఉమ్మడిగా ఇస్తున్నాయి. ఈ ఏర్పాటును సీజీనాట్ అంటారు. ఇందులో లోపలివారు బయటకు పోగలరు గాని, బయటి నుండి వచ్చిన అభ్యర్థన ఏ ఇంటికి చేరాలో తెలియదు.

దీనిని గుర్తించడం సులభం. రౌటరు స్థితి పుటలో, బయటి కనెక్షనుకు ఎదురుగా కనిపించే చిరునామాను వ్రాసుకోవాలి. తరువాత, చిరునామా చూపే ఏదైనా వెబ్‌సైటును అదే కనెక్షను నుండి తెరవాలి. రెండు సంఖ్యలూ ఒకటే అయితే అది ఆ ఇంటి సొంత బహిరంగ చిరునామా. రెండూ వేరైతే మధ్యలో మరొక రౌటరో, సీజీనాటో ఉన్నదని అర్థం. రౌటరులోని చిరునామా 100.64.0.0 నుండి 100.127.255.255 వరకు గల శ్రేణిలో ఉంటే సీజీనాట్ అని భావించవచ్చు. ఆ శ్రేణిని 2012లో ఇందుకే కేటాయించారు.

సీజీనాట్ ఉన్నచోట మూడు మార్గాలు కలవు: రుసుము చెల్లించి స్థిర చిరునామా తీసుకోవడం, ఐపీవీ6 ఉపయోగించడం, లేదా ఇంటి యంత్రమే బయటి సర్వరుతో ముందుగా కలిసి ఉండే సొరంగ పద్ధతిని ఎంచుకోవడం. ఐపీవీ6లో ప్రతి యంత్రానికీ సొంత చిరునామా ఉంటుంది. కాబట్టి క్లయింటు చేరవలసిన యంత్రంలోనే నడవాలి, రౌటరు ఫైర్‌వాలులో అనుమతి ఇవ్వాలి. చూసేవారి కనెక్షనులో కూడా ఐపీవీ6 ఉండాలి.

అమర్చు విధానం

1. సేవాసంస్థలో ఖాతా తెరిచి ఒక పేరు నమోదు చేయాలి. నో-ఐపీ, డక్ డీఎన్ఎస్ వంటివి ఉచితంగా పేర్లు ఇస్తాయి. ఉచిత సేవ ఎల్లకాలం ఉండకపోవచ్చు. ప్రసిద్ధమైన డిన్‌డీఎన్ఎస్ తన ఉచిత సేవను 2014 మే నెలలో నిలిపివేసింది.

2. క్లయింటు ఎక్కడ నడవాలో నిర్ణయించాలి. అనేక రౌటర్లలో ఇది ముందే ఉంటుంది. లేనప్పుడు, ఎల్లవేళలా వెలిగి ఉండే కంప్యూటరులో డీడీక్లయింట్ వంటి ప్రోగ్రామును స్థాపించాలి. ఒకే పేరుకు రెండు చోట్ల క్లయింట్లు నడపరాదు.

3. సేవాసంస్థ, వాడుకరి పేరు, సంకేతపదం, నమోదైన పేరు, పరిశీలించే వ్యవధి అనే వివరాలు నింపాలి. వ్యవధి 5 నిమిషాలు చాలు. మార్పు లేకున్నా పదేపదే సవరణలు పంపితే కొన్ని సంస్థలు ఖాతాను నిలిపివేస్తాయి.

4. ఇంటిలోపల కెమెరాకు లేదా సర్వరుకు రౌటరు ఎప్పుడూ ఒకే అంతర్గత చిరునామా ఇచ్చేట్లు చేయాలి. ఐపీవీ4 అయితే బయటి అభ్యర్థనను ఆ యంత్రానికి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా అవసరం.

5. పరీక్షను ఇంటి వైఫై నుండి కాక, మొబైలు డేటా నుండి చేయాలి. కొన్ని రౌటర్లు లోపలి నుండి తమ బహిరంగ చిరునామాకే వచ్చే అభ్యర్థనలను తిప్పి పంపలేవు. అప్పుడు ఏర్పాటు సరిగా ఉన్నా తప్పుగా తోస్తుంది.

6. చివరగా రౌటరును ఒకసారి ఆపి వెలిగించి, చిరునామా మారిన తరువాత పేరు కొత్త సంఖ్యను చూపుతున్నదో లేదో గమనించాలి. ఈ పరీక్షలో నెగ్గని ఏర్పాటు మొదటి కరెంటు కోతతోనే విఫలమవుతుంది.

భద్రత

పేరు ద్వారా ఇంటివారు చేరగల ద్వారం గుండా ఇతరులు కూడా ప్రయత్నించగలరు. కంపెనీ ఇచ్చిన సంకేతపదాలనే మార్చకుండా ఉంచిన కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము లొంగదీసుకొన్నది. అదే సంవత్సరం అక్టోబరు 21న అటువంటి యంత్రాలన్నీ కలిసి డిన్ అనే సంస్థ డీఎన్ఎస్ సర్వర్లను అభ్యర్థనలతో ముంచెత్తాయి. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు అమెరికాలో కొన్ని గంటలపాటు చాలామందికి అందలేదు. డిన్‌డీఎన్ఎస్ సేవను నడిపినది ఈ డిన్ సంస్థయే. ఇళ్ళలోని కెమెరాలను చేరడానికి పేర్లిచ్చిన సంస్థకు, కాపలా లేని కెమెరాల వలననే ఈ దెబ్బ తగిలింది.

అందువలన కెమెరా పోర్టును నేరుగా బయటకు తెరవడం కంటె, ఇంటిలో వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ నడిపి, డైనమిక్ డీఎన్ఎస్ పేరును దానిని చేరడానికి మాత్రమే వాడటం మేలు. అప్పుడు తాళంచెవి ఉన్న యంత్రాలే లోపలికి రాగలవు.

మరొక ప్రమాదం తక్కువమందికి తెలుసు. కనెక్షను తెగిపోయినప్పుడు క్లయింటు కూడా మౌనం వహిస్తుంది, పేరు మాత్రం పాత చిరునామానే చూపుతూ ఉంటుంది. ఆ చిరునామా ఈలోగా మరొకరి ఇంటికి కేటాయింపు కావచ్చు. అప్పుడు తన ఇల్లనుకొని పంపిన సంకేతపదం అపరిచితుని యంత్రానికి చేరే అవకాశం ఉన్నది. వీపీఎన్, లేదా సరైన ధ్రువపత్రం గల హెచ్‌టీటీపీఎస్, ఎదుటి యంత్రం నిజమైనదో కాదో ముందుగా సరిచూస్తుంది కనుక ఈ ముప్పు తప్పుతుంది. పేరు ఇల్లు ఎక్కడున్నదో చెబుతుందే గాని, తలుపు తీసినది ఎవరో చెప్పదు.